చిత్రిక యంత్రానికి ఉప్పుగాలి గండం.. శుభ్రతే వడ్రంగి చేతికి రక్ష

నెల్లూరు: ద్వారబంధానికి తెచ్చిన మోటు చెక్కను చేతి చిత్రికతో సాపు చేయాలంటే వడ్రంగి గంటల తరబడి చెమటోడ్చాల్సి వచ్చేది. బల్లపై అమర్చుకునే చిన్న ప్లేనర్ యంత్రం అదే పనిని నిమిషాల్లో ముగిస్తుంది. ఆటోలో వేసుకొని ఇల్లు కట్టే చోటికే తీసుకెళ్లే వీలుండటంతో చిన్న దుకాణాలకు సైతం ఇది అక్కరకొచ్చే పనిముట్టయింది. అయితే సౌలభ్యం ఎంత ఉందో ముప్పూ అంతే ఉంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే కత్తుల దగ్గరికి వేలు వెళ్తే, దాన్ని వెనక్కి తీసుకునే వ్యవధి ఎవరికీ దొరకదు.

కావలి నుంచి ముత్తుకూరు వరకు సముద్రతీరం వెంబడి పనిచేసే వడ్రంగులకు దీనికి తోడు మరో సమస్య ఉంది. అది ఉప్పుగాలి. తేమతో కూడిన ఈ గాలికి యంత్రం బల్ల మసకబారి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన బల్లపై చెక్క జారదు. జారని చెక్కను చేత్తో నెట్టాలనిపిస్తుంది. ప్రమాదానికి బీజం పడేది అక్కడే. అందుచేత తీరప్రాంతంలో యంత్రాన్ని తుడిచి ఉంచుకోవడం కేవలం దాని ఆయుష్షు కోసం కాదు. అది పనివాడి వేళ్ల కోసం తీసుకునే జాగ్రత్త.

మందం సరిచేయడమే దీని పని

విద్యుత్ ప్లేనర్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. చేత్తో పట్టుకొని చెక్కపై నడిపేది ఒకటి. యంత్రం ఒకచోట నిలిచి ఉండి, చెక్కే దాని లోపలికి వెళ్లి బయటకు వచ్చేది రెండోది. ఈ రెండో రకాన్నే థిక్‌నెస్ ప్లేనర్ అంటారు. వాడుకలో థిక్‌నెసర్ అని పిలవడమూ ఉంది. తిరిగే కత్తులతో చెక్కను సాపు చేసే యంత్రానికి అమెరికాలో విలియం వుడ్‌వర్త్ 1828లో పేటెంట్ పొందారు. నాటి భారీ యంత్రం క్రమంగా చిక్కిపోయి, ఇద్దరు మనుషులు మోయగలిగే స్థాయికి వచ్చింది.

ఈ తరహా చిన్న యంత్రాలు సాధారణంగా 12 లేదా 13 అంగుళాల వెడల్పున్న చెక్క వరకు తీసుకుంటాయి. లోపల ఒక ఉక్కు దిమ్మ ఉంటుంది. దానికి రెండు లేదా మూడు పొడవాటి బ్లేడ్లు బిగించి ఉంటాయి. దిమ్మకు ముందొకటి, వెనుకొకటి రబ్బరు పూత ఉన్న రోలర్లు తిరుగుతూ చెక్కను లాక్కుంటాయి. పైనున్న పిడిని తిప్పితే కత్తుల దిమ్మ కిందికి దిగుతుంది. అది ఎంత దిగితే చెక్క అంత పలచబడుతుంది.

వేగం ఎంతో లెక్క చూస్తే దీనితో ఎందుకు జాగ్రత్తగా ఉండాలో అర్థమవుతుంది. నిమిషానికి 8,500 చుట్లు తిరిగే దిమ్మకు రెండు బ్లేడ్లుంటే నిమిషానికి 17,000 కోతలు పడతాయి. అదే నిమిషంలో చెక్క 8.5 మీటర్లు కదులుతుందనుకుంటే, ప్రతి మిల్లీమీటరుకు రెండు కోతలన్నమాట. చెక్క అద్దంలా రావడానికి కారణం ఇదే. సెకనుకు 140 చుట్లకు పైగా తిరిగే కత్తిని మన చేతి వేగంతో తప్పించుకోవడం అసాధ్యమనడానికీ ఇదే నిదర్శనం.

మరో విషయం గుర్తుంచుకోవాలి. వంకరపోయిన, మెలిక తిరిగిన చెక్కను ఈ యంత్రం తిన్నగా చేయదు. రోలర్లు ఒత్తినంతసేపు చెక్క అణిగి ఉంటుంది, బయటకు రాగానే మళ్లీ వంగుతుంది. అందువల్ల ముందుగా ఒక ముఖాన్ని చేతి చిత్రికతోనో, జాయింటర్ యంత్రంతోనో చదును చేసుకోవాలి. ఆ చదునైన ముఖాన్ని కిందికి ఉంచి ప్లేనర్‌లోకి పంపితే పైముఖం దానికి సమానంగా వస్తుంది.

ఉప్పుకు తేమ తోడైతే..

ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల రైతులకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని నీరుగారుతుంది. సముద్రపు గాలితో వచ్చే కంటికి కనబడని ఉప్పు రేణువులు యంత్రంపై వాలినప్పుడు జరిగేదీ ఇదే. రాత్రివేళ అవి తేమను లాగి ఇనుముపై పలుచని ఉప్పునీటి పొరగా మారతాయి. మామూలు నీటికన్నా ఉప్పునీటి వల్ల తుప్పు త్వరగా పడుతుంది. జిల్లాకు అధిక వర్షాన్నిచ్చే ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈ బెడద మరీ ఎక్కువ.

కొన్ని నమూనాల్లో బల్లపై తుప్పు పట్టని స్టీలు రేకు ఉంటుంది. అంతమాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు. బ్లేడ్లు, వాటిని పట్టి ఉంచే మరలు, దిమ్మను పైకీ కిందికీ కదిలించే మరకడ్డీలు, గొలుసు, స్విచ్ లోపలి రాగి రేకులు అన్నీ ఉప్పుగాలి బారిన పడేవే. మరకడ్డీ బిగుసుకుపోతే అనుకున్న లోతు కుదరదు. స్విచ్ లోపల తుప్పు చేరితే ఆపినప్పుడు యంత్రం ఆగకపోవచ్చు.

నివారణకు పెద్ద ఖర్చు లేదు. పని ముగిశాక ప్లగ్గు తీసి, పొట్టును బ్రష్‌తో దులిపి, బల్లను పొడిగుడ్డతో తుడవాలి. ఆపై కొవ్వొత్తి మైనం గానీ, చెక్క పాలిష్‌కు వాడే మైనం గానీ పలుచగా రాసి మెరిసేదాకా రుద్దాలి. ఈ పొర తేమను అడ్డుకుంటుంది, చెక్కనూ తేలిగ్గా జారనిస్తుంది. బల్లకు నూనె పూయడం మంచిది కాదు. అది చెక్కకు అంటుకొని తర్వాత పాలిష్ పట్టకుండా చేస్తుంది.

యంత్రాన్ని ప్లాస్టిక్ పట్టాతో గట్టిగా చుట్టి ఉంచడం చాలామంది చేసే పని. దానివల్ల లోపలి తేమ బయటకు పోక మరింత తుప్పు పడుతుంది. మందపాటి నూలుగుడ్డ కప్పి, నేలకు ఎత్తుగా, సముద్రపు గాలి నేరుగా తగలని గదిలో ఉంచడం మేలు. ప్లాస్టిక్ కప్పక తప్పని వానాకాలంలో అడుగున గాలి ఆడేలా వదలాలి.

కరెంటు పోతే మొదట స్విచ్ ఆపాలి

పని మధ్యలో కరెంటు పోతుంది. పనివాడు ఇరుక్కున్న చెక్కను సర్దుదామని చేయి పెడతాడు. అంతలో సరఫరా వస్తుంది. స్విచ్ వేసే ఉంది కాబట్టి యంత్రం ఒక్కసారిగా తిరుగుతుంది. ఈ పరిస్థితి ఎదురు కాకుండా చూసుకోవడం యజమాని బాధ్యత. కరెంటు పోయిన వెంటనే స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీయాలి. సరఫరా తిరిగి వచ్చినా, మళ్లీ మీట నొక్కితే తప్ప మొదలవని నో-వోల్ట్ స్విచ్‌లు మార్కెట్లో దొరుకుతాయి. యంత్రానికి అలాంటిది లేకుంటే ఎలక్ట్రీషియన్ చేత అమర్చుకోవడం ఉత్తమం.

ఈ యంత్రాలు సుమారు 1,650 నుంచి 1,800 వాట్ల విద్యుత్తు తీసుకుంటాయి. 230 వోల్టుల వద్ద ఇది సుమారు 8 ఆంపియర్లు. అందువల్ల ఇంట్లో ఫ్యాన్లు, దీపాలకు ఉండే చిన్న సాకెట్ పనికిరాదు. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌నే వాడాలి. పొడిగింపు వైరు తప్పనిసరైతే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలున్న మూడు కోర్ల కేబుల్ తీసుకోవాలి. సన్నని వైరు వాడితే వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. చుట్ట చుట్టిన వైరును పూర్తిగా విప్పి వాడాలి. తడి నేల, ఉప్పుగాలి ఉన్నచోట 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ ప్రాణరక్షకం.

అమెరికా నుంచి బంధువులు పంపిన యంత్రమైతే దానిపై ఉన్న రేకును చదవాలి. అక్కడి యంత్రాలు 120 వోల్టులకు తయారవుతాయి. వాటిని మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యంత్రం వాడకానికి మించి, 3 కేవీఏ సామర్థ్యమున్నది తీసుకుంటే మొదలయ్యేటప్పటి భారాన్ని తట్టుకుంటుంది.

చెక్కను పరిశీలించాకే యంత్రంలోకి

తీరప్రాంతంలో చెక్కకు ఇసుక అంటుకోని సందర్భం అరుదు. ఇసుక నేలపై దొర్లిన చెక్కను అలాగే పంపితే బ్లేడు అంచు నిమిషాల్లో మొద్దుబారుతుంది. ముందుగా ఇనుప తీగల బ్రష్‌తో నాలుగు ముఖాలూ రుద్ది, దుమ్ము దులపాలి. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది. కాబట్టి టేకు పనిచేసేవారు బ్లేడ్లను మరింత తరచుగా చూసుకోవాలి.

పాత పడవల పలకలు, పాత ఇళ్ల దూలాలు, తలుపులు తిరిగి వాడుకోవడం మంచి పద్ధతే. కానీ వాటిలో విరిగిన మేకులు దాగి ఉంటాయి. తల ఊడిన మేకు పైకి కనబడదు. చుట్టూ నల్లని మరక ఉంటే కింద ఇనుము ఉన్నట్లే. చేతిలో పట్టుకునే చిన్న మెటల్ డిటెక్టర్‌తో గానీ, బలమైన అయస్కాంతంతో గానీ అంగుళం అంగుళం వెతకాలి. అనుమానం తీరకుంటే ఆ పలకను చేతి చిత్రికకే వదిలేయాలి. మేకు తగిలితే బ్లేడు పెచ్చులూడి తూటాలా ఎగిరే ప్రమాదం ఉంది.

రంగు వేసిన పాత చెక్కను ప్లేనర్‌లో పెట్టకూడదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందువేసిన రంగుల్లో సీసం అధికంగా ఉండవచ్చు. అలాంటి రంగు పొడిగా మారి ఊపిరితో లోపలికి పోతే పెద్దలకే గాక, దుకాణం పక్కన ఆడుకునే పిల్లలకూ హాని.

తుపానుకు కూలిన వేప, తుమ్మ, మామిడి చెట్లను కోయించి వెంటనే పనిలోకి దించడమూ కనిపిస్తుంది. పచ్చిచెక్క పొట్టు రోలర్లకు ముద్దలా అంటుకుంటుంది. రోలరు జారితే చెక్క మధ్యలో ఆగుతుంది. పైగా నేడు సాపు చేసిన పచ్చిచెక్క ఆరేసరికి మెలిక తిరుగుతుంది. నీడలో, పలకకూ పలకకూ మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టాలి. అంగుళం మందానికి ఏడాది అనేది వడ్రంగం తెలిసినవారు పాటించే స్థూలమైన లెక్క.

ప్లైవుడ్, లామినేట్ అతికించిన పలకలు ఈ యంత్రానికి సరిపడవు. వాటిలోని గట్టి జిగురు బ్లేడ్లను పాడుచేస్తుంది. పగుళ్లున్న చెక్క, ఊడిపోయేలా ఉన్న ముడులు గల చెక్క కూడా లోపల ముక్కలై ఎగిరే అవకాశం ఉంది.

పొట్టి ముక్క.. పెద్ద ముప్పు

చెక్క ఎప్పుడూ కనీసం ఒక రోలరు పట్టులో ఉండాలి. రెండు రోలర్ల మధ్య దూరంకన్నా పొట్టిగా ఉంటే మొదటి రోలరు వదిలేసి, రెండోది అందుకోకముందే ముక్క కత్తుల కింద స్వేచ్ఛగా తిరుగుతుంది. అప్పుడు దాన్ని కత్తులు రాయిలా వెనక్కి విసురుతాయి. యంత్రాన్ని బట్టి కనీస పొడవు 12 నుంచి 14 అంగుళాలు ఉండాలి. సూచనల పుస్తకంలో ఎంత రాసి ఉంటే అదే కొలమానం. ఉదయగిరి చెక్క చెంచాల వంటి చిన్న వస్తువులకు చేతి పనిముట్లే తగినవి. చిన్న ముక్కలు కావాలంటే పొడవాటి చెక్కను సాపు చేశాకే వాటిని కోసుకోవాలి.

ఒకేసారి ఎక్కువ లోతు తీయాలన్న తొందర మరో పొరపాటు. చిన్న యంత్రాల్లో 6 అంగుళాల లోపు వెడల్పున్న మెత్తని చెక్కకు ఒక దఫాకు 3 మిల్లీమీటర్ల వరకు తీయవచ్చు. వెడల్పు 9 అంగుళాలకు చేరితే 1.5 మిల్లీమీటర్లు, 12 అంగుళాలకు ఒక మిల్లీమీటరు మించకూడదు. గట్టి చెక్కకు ఇంకా తగ్గించాలి. చివరి దఫాలో అర మిల్లీమీటరు తీస్తే ముఖం నునుపుగా వస్తుంది. చెక్కలో అన్నిటికన్నా మందంగా ఉన్న చోటును కొలిచి, దాని ప్రకారమే మొదటి లోతు నిర్ణయించాలి. చెక్క లోపల ఉండగా లోతు మార్చకూడదు.

నడిపే మనిషి చెక్కకు సూటిగా కాక, పక్కకు నిలబడాలి. చెక్క వెనక్కి తన్నితే అది సూటిగా వస్తుంది. రోలరు పట్టుకోగానే చేతులు తీసేయాలి. చెక్క అడుగున వేళ్లు ఉంచితే బల్లకూ చెక్కకూ మధ్య నలుగుతాయి. లోపల ఏం జరుగుతోందో చూడటానికి వంగి, తెరిచిన నోటిలోకి కళ్లు పెట్టడం కూడదు. మందం వేరువేరుగా ఉన్న రెండు చెక్కలను పక్కపక్కనే పంపరాదు. రోలరు మందపాటి దాన్నే పట్టుకుంటుంది, పలుచనిది వెనక్కి దూసుకొస్తుంది.

పొడవైన పలకలకు ముందూ వెనుకా అదే ఎత్తులో ఆనుడు బల్లలు ఉండాలి. చెక్క చివర వాలితే మొదట్లోనూ, ఆఖర్లోనూ పల్లం పడుతుంది. చారల వాటానికి ఎదురుగా పంపితే పేడు లేస్తుంది. అలా లేస్తే చెక్కను తిప్పి, అటుచివర నుంచి పంపి చూడాలి. యంత్రాన్ని సమతలమైన గట్టి బల్లకు బోల్టులతో బిగించాకే వాడాలి. ఇసుకలో పాతిన ఊగే బల్లపై దాన్ని నడపరాదు. ఈ యంత్రాల్లో 27 కిలోలకు పైగా బరువుండేవి ఉన్నాయి కాబట్టి ఒక్కరే ఎత్తే ప్రయత్నం చేయవద్దు.

చెక్క ఇరుక్కుంటే..

యంత్రం మూలిగి, చెక్క కదలకపోతే చేయవలసిన పనుల క్రమం ఇది. మొదట స్విచ్ ఆపాలి. తర్వాత ప్లగ్గు ఊడదీయాలి. కత్తులు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. స్విచ్ ఆపాక కూడా దిమ్మ కొన్ని సెకన్ల పాటు తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత పిడి తిప్పి దిమ్మను పైకి లేపి చెక్కను బయటకు తీయాలి. వెనుక నుంచి మరో మనిషి లాగడం, ముందు నుంచి మోకాలితో నెట్టడం, పొట్టు పేరుకున్న గొట్టంలో వేలు పెట్టి కెలకడం.. ఈ మూడూ ప్రమాదాన్ని పిలిచి తెచ్చుకునేవే. పొట్టు తీయడానికి కర్రపుల్ల వాడాలి, అదీ ప్లగ్గు తీశాకే.

పదేపదే ఇరుక్కుంటోందంటే యంత్రం ఏదో చెబుతున్నట్లే. బల్ల తుప్పుబట్టి ఉండవచ్చు. రోలర్లకు బంక అంటి ఉండవచ్చు. బ్లేడ్లు మొద్దుబారి ఉండవచ్చు. ఆ కారణం తొలగించకుండా బలంతో పని సాగించరాదు.

బ్లేడ్ల మార్పిడిలో మెలకువలు

ముఖంపై నూగు లేవడం, చెక్క కమిలిన వాసన, మోటారు శబ్దం మారడం బ్లేడు అరిగిందనడానికి గుర్తులు. చెక్క పొడవునా గీతలా గట్టు కనిపిస్తే బ్లేడు అంచులో పెచ్చు లేచినట్లు. బ్లేడ్లను అన్నీ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బరువు సమతూకం తప్పి దిమ్మ అదురుతుంది. రెండు వైపులా అంచున్న బ్లేడ్లను తిప్పి వాడుకోవచ్చు. సానపట్టేవైతే అన్నింటినీ సమానంగా పట్టించాలి.

యంత్రం నడిపేటప్పుడు చేతి తొడుగులు వద్దు. తొడుగు చిక్కుకుంటే చేతినే లాక్కుపోతుంది. కానీ ప్లగ్గు తీసి బ్లేడు మార్చేటప్పుడు మాత్రం మందపాటి తొడుగులు ఉండాలి. కదలని బ్లేడు కూడా గడ్డం గీసే కత్తిలా కోస్తుంది. బ్లేడు కూర్చునే చోట పొట్టు, బంక లేకుండా తుడిచి, మరలన్నీ కొద్దికొద్దిగా వరుసలో బిగించాలి. బిగించాక దిమ్మను ఓ చెక్కపుల్లతో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. మూత పెట్టి, పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా నడిపాకే పనిలోకి దిగాలి.

లుంగీ, తువ్వాలు పక్కన పెట్టాలి

వేలాడే తువ్వాలు, వదులు చొక్కా, లుంగీ కొంగు, మణికట్టు దారాలు, గొలుసులు రోలరుకు చిక్కుతాయి. బిగుతైన దుస్తులు, మూసిన చెప్పులు లేదా బూట్లు ధరించాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇటువంటి యంత్రాల శబ్దం తరచూ 90 డెసిబెళ్లు దాటుతుంది. రోజులో 8 గంటల పాటు 85 డెసిబెళ్లు విన్నా కాలక్రమంలో వినికిడి తగ్గుతుందన్నది ఆరోగ్యరంగం గుర్తించిన విషయం. చెవులకు మఫ్లు గానీ, బిరడాలు గానీ పెట్టుకోవాలి.

చెక్క పొడిని తేలిగ్గా తీసుకోరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ముక్కు లోపలి భాగాలకు, వాటి పక్కనున్న గాలి గదులకు వచ్చే క్యాన్సర్‌తో దీనికి సంబంధం ఉంది. భుజంపై తువ్వాలును ముక్కుకు చుట్టుకుంటే సన్నని పొడి ఆగదు. ఎన్-95 తరహా మాస్కు వాడాలి. యంత్రం గొట్టానికి పొట్టు పీల్చే సంచి అమర్చితే పొడి తగ్గుతుంది, ఇరుక్కోవడమూ తగ్గుతుంది. పొట్టు కుప్పల దగ్గర బీడీ, సిగరెట్ నిషిద్ధం. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డలను పొట్టులో పారేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని నీటిలో తడిపి, విడిగా ఆరుబయట పరచి ఆరబెట్టాలి.

ఎప్పుడు ఏం చూడాలి?

* ప్రతిరోజూ: ప్లగ్గు తీసి పొట్టు దులపడం, బల్ల తుడవడం, వైరుపై పగుళ్లు చూడటం, చెక్క వెనక్కి రాకుండా పట్టే ఇనుప పళ్లు ఉన్న నమూనాల్లో అవి స్వేచ్ఛగా ఊగుతున్నాయో లేదో గమనించడం.
* వారానికోసారి: బల్లపై బంకను టర్పెంటైన్‌తో తుడిచి, ఆరాక మైనం పట్టించడం. రబ్బరు రోలర్లకు మాత్రం టర్పెంటైన్, పెట్రోలు తగలనీయరాదు. సబ్బునీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలు.
* నెలకోసారి: బ్లేడు మరల బిగింపు, బెల్టు పగుళ్లు, మరకడ్డీల శుభ్రత. గొలుసుకు, మరకడ్డీలకు పాత పొట్టు తుడిచాకే పలుచగా నూనె వేయాలి.
* మోటారులో నిప్పురవ్వలు ఎక్కువైతే: కార్బన్ బ్రష్‌లు అరిగాయని అనుమానించాలి. రెండింటినీ కలిపి మార్చాలి.
* వానలో తడిసినా, వరదనీరు తాకినా: ఎలక్ట్రీషియన్ పరీక్షించేదాకా ప్లగ్గు పెట్టకూడదు.

దుర్ఘటన జరిగితే..

ముందుగా సరఫరా ఆపాలి. గాయంపై శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చేతిని గుండెకన్నా ఎత్తులో ఉంచాలి. పసుపు, కాఫీపొడి వంటివి గాయంలో చల్లకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. వేలు తెగిపడితే దాన్ని వదిలేయవద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరబడని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మంచు ముక్కలు కలిపిన నీటిలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెగిన వేలును నేరుగా మంచుపై పెడితే కణజాలం చెడిపోతుంది. ఎంత త్వరగా చేరిస్తే తిరిగి అతికించే అవకాశం అంత ఎక్కువ. గాయం చిన్నదైనా ధనుర్వాతం టీకా గురించి వైద్యుణ్ని అడగాలి.

శిక్షణకు దారి ఉంది

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం, పడవల తయారీ ఉన్నాయి. ప్రాథమిక శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేల ప్రోత్సాహకం, ఆపై 5 శాతం వడ్డీకి తొలి విడతగా రూ.లక్ష వరకు రుణం ఇందులో పొందుపరిచారు. యంత్రం కొనే ముందు దాన్ని నడపడం నేర్చుకోవాలనుకునే యువ వడ్రంగులకు ఇది ఉపయోగకరం.

ఏడాదికి రూ.20 ప్రీమియంతో ఉన్న ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ప్రమాద మరణానికి రూ.2 లక్షలు, ఒక చేయి పూర్తిగా పనికిరాకుండా పోతే రూ.లక్ష పరిహారం ఉంది. అయితే ఒకటి రెండు వేళ్లు పోయినంత మాత్రాన ఆ పరిహారం వర్తించదు. ప్లేనర్ వద్ద ఎక్కువగా ముప్పు పొంచి ఉన్నది ఆ వేళ్లకే. ఉలి, బాడిశ పట్టే చేతికి బొటనవేలు లేకపోతే వృత్తే పోయినట్లు.

కాబట్టి దుకాణాల యజమానులు 18 ఏళ్లు నిండనివారిని ఈ యంత్రం దరికి రానివ్వకూడదు. కొత్తగా చేరిన పనివారికి చెక్క పంపడం నేర్పే ముందు ప్లగ్గు తీయడం, బల్ల తుడవడం, మైనం పట్టించడం నేర్పాలి. సాయంత్రం పని కట్టేశాక ఆ పది నిమిషాలు వెచ్చిస్తే, మరునాడు చెక్క దానంతట అదే జారుతుంది. చెక్క జారినచోట చేయి కత్తుల దగ్గరికి వెళ్లాల్సిన అవసరమే రాదు.